బొటాబొటి గెలుపు – వ్యూహచర్చ: 1962 జకార్తా ఫైనల్ ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఓడిన జట్టు అభిమానులు కారణాలు వెతుకుతారు. ఘనంగా గెలిచిన జట్టు అభిమానులకు ఆ అవసరం ఉండదు. ఒక్క గోల్ తేడాతో వచ్చిన గెలుపు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. అక్కడ సంతోషం ఉంటుంది, సంశయమూ ఉంటుంది. మైదానం నుంచి ఇంటిదారి పట్టిన ప్రేక్షకుల మాటల్లో ఈ రెండూ కలిసే వినిపిస్తాయి. ఒకరు గెలుపు గెలుపే అంటారు. మరొకరు ఇలాగే ఆడితే వచ్చే ఆటలో ఓడతామంటారు. మూడోవారు ఇదంతా అదృష్టమని కొట్టిపారేస్తారు. ఫలితాన్నే ప్రమాణంగా తీసుకోవడం, ఆటతీరును ప్రమాణంగా తీసుకోవడం, రెండింటినీ యాదృచ్ఛికతకు వదిలివేయడం అనే మూడు వాదపద్ధతులు ఇందులో ఉన్నాయి.

ఈ చర్చ మైదానం దగ్గరే ముగిసిపోతే దానికి చారిత్రక ప్రాధాన్యం ఉండదు. కాని ఆనాటి వాదాల్లో ఏది నిలిచిందో అదే క్రమంగా చరిత్ర అవుతుంది. భారత ఫుట్‌బాల్ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన ఒక్క గోల్ గెలుపు 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, ఆసియా క్రీడల ఫైనల్‌లో, దక్షిణ కొరియాపై 2–1 తేడాతో లభించింది. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ గెలుపునకు నేడు మనం చెప్పుకొంటున్న కారణం ఎంతవరకు నిలుస్తుంది, ఆ కారణాన్నే నమ్మడం వల్ల మనం ఏమి కోల్పోయాం అన్న రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రహీం – హైదరాబాదు నేపథ్యం

రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులుగా పనిచేశారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకొంది. కలకత్తా పెద్ద జట్లదే దేశమంతటా పైచేయిగా ఉన్న కాలంలో దక్కను నగరం నుంచి వచ్చిన పోలీసు జట్టు ఈ ఘనత సాధించడం గమనించదగిన విషయం. ఆ తరువాత 1956–57, 1957–58 సంతోష్ ట్రోఫీ పోటీల్లో హైదరాబాద్ జట్టే విజేత.

రహీం పద్ధతిలో ఉపాధ్యాయుని దృష్టి కనిపిస్తుంది. ఆటగాడు బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకొనే అలవాటు మానాలని ఆయన డ్రిబ్లింగ్ లేకుండా ఆడవలసిన పోటీలు నిర్వహించారు. బలహీనమైన కాలికి బలం రావాలని ఆ కాలితోనే ఆడే సాధన పెట్టారు. ఒక దోషాన్ని గుర్తించి, దాన్ని సరిదిద్దే అభ్యాసాన్ని రూపొందించి, అది అలవాటుగా మారేవరకు చేయించడం బడిలో చదువు చెప్పే తీరు. ఈ అంశం వ్యాసం చివరలో మళ్లీ అవసరమవుతుంది.

ఇద్దరు బ్యాక్‌లా, ముగ్గురా?

జకార్తా చర్చను అర్థం చేసుకోవడానికి అంతకుముందు దశాబ్దంలోని ఒక వివాదం తెలియాలి. పాత పద్ధతిలో గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాక్‌లు, వారి ముందు ముగ్గురు హాఫ్‌లు, అందరికంటే ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం మారడంతో ఫార్వర్డ్‌లకు వెసులుబాటు పెరిగింది. దానికి విరుగుడుగా ఇంగ్లండులో ఆర్సెనల్ జట్టు నిర్వాహకుడు హెర్బర్ట్ చాప్‌మన్ మధ్య హాఫ్‌ను వెనక్కి రప్పించి ఇద్దరు బ్యాక్‌ల నడుమ నిలిపారు. అదే ముగ్గురు బ్యాక్‌ల పద్ధతి. 1953లో హంగరీ తన సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనక్కి జరిపి ఆడించి, ఇంగ్లండును వెంబ్లీ మైదానంలో 6–3తో ఓడించింది. నలుగురు రక్షకులు, ఇద్దరు మధ్యస్థులు, నలుగురు ఫార్వర్డ్‌లు ఉండే పద్ధతిని 1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ లోకప్రసిద్ధం చేసింది.

ఈ మార్పులు భారతదేశానికి ఆలస్యంగా చేరాయి. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత జట్టు ఇరాన్‌పై 1–0తో గెలిచింది. మేవాలాల్ గోల్ చేశారు. ఆ జట్టుకూ రహీమే శిక్షకులు. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో అదే భారత్ 1–10తో ఓడింది. రెండు సందర్భాల్లోనూ జట్టు అనుసరించింది పాత ఇద్దరు బ్యాక్‌ల పద్ధతినే. పద్ధతి కాలం చెల్లిందన్న చర్చ 1951లో బలపడలేదు. పది గోల్స్ పడ్డాకనే బలపడింది. బూట్లు తప్పనిసరి అయినదీ ఆ ఓటమి తరువాతే. ఢిల్లీలో ఆ ఒక్క గోల్ పడకపోయి ఉంటే ఈ ప్రశ్న ఒక ఏడాది ముందే లేచి ఉండేదేమో. అంటే బొటాబొటి గెలుపు దోషాన్ని పోగొట్టలేదు, కొంతకాలం కప్పిపుచ్చింది. ఈ దశాబ్దం మనకిచ్చే మొదటి పాఠం ఇది.

తరువాతి ఏళ్లలో రహీం తన జట్లను కొత్త పద్ధతుల వైపు నడిపించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ చేశారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీతో 1–2తో ఓడినా, ఫ్రాన్స్‌తో 1–1తో సమంగా నిలిచింది. జకార్తాకు వెళ్లేనాటికి జట్టు ఆటతీరు పదేళ్ల కిందటి తీరు కాదు.

జకార్తా: అయిదు ఆటలు, ఒక మార్పు

జకార్తాలో భారత జట్టు అయిదు ఆటలు ఆడింది. మొదటిదానిలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తరువాత థాయిలాండ్‌పై 4–1తో, జపాన్‌పై 2–0తో గెలిచింది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3–2తో దాటింది. ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియానే ఎదురైంది.

ఈ నడుమ ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. రక్షణలో వెన్నెముకవంటి స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు థాయిలాండ్‌తో ఆటలో గాయమైంది, కుట్లు పడ్డాయి. సెమీఫైనల్‌లో రహీం ఆయనను రక్షణలో కాక ముందువరుసలో ఆడించారు. ఆయన గోల్ చేశారు. ఫైనల్‌లోనూ అక్కడే ఆడించారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. ఆట చివరి ఘట్టంలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. గోల్‌కీపర్ స్థానంలో కూడా మార్పు జరిగింది. మధ్య ఆటల్లో ప్రద్యోత్ బర్మన్ నిలిచిన చోటికి, ఫైనల్‌కు ఎత్తరి అయిన పీటర్ తంగరాజ్ తిరిగి వచ్చారు. ముందువరుసలో చునీ గోస్వామి, సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నారు.

ఆనాటి స్టేడియం వాతావరణాన్ని కూడా గుర్తుంచుకోవాలి. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ప్రవేశం నిరాకరించడంపై భారతీయుడైన క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పడంతో జకార్తాలో భారత వ్యతిరేకత రగిలింది. దాదాపు లక్షమంది ప్రేక్షకుల్లో భారత జట్టుకు అనుకూలంగా అరిచే గొంతులు బహు తక్కువ. అంటే ఈ ఆటను చూసినవారు భారత జట్టు అభిమానులు కారు, భారత జట్టు అభిమానులు ఈ ఆటను చూడలేదు. అప్పటికి దేశంలో టెలివిజన్ ఢిల్లీలో ప్రయోగదశలో మాత్రమే ఉంది. హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం 1977లో గాని రాలేదు. స్వదేశంలోని అభిమానికి అందింది స్కోరు, గోల్ చేసినవారి పేర్లు, పత్రికావార్త. చూడని ఆటను గురించి వాదించేవారికి స్కోరును మించిన సాక్ష్యం ఉండదు. 2–1 అన్న అంకె ఫలితంగా మొదలై హేతువుగా స్థిరపడడానికి ఈ పరిస్థితి కూడా దోహదం చేసింది.

అన్వయ వ్యతిరేకాలు

రక్షకుణ్ణి ముందుకు పంపిన రహీం సాహసమే బంగారు పతకాన్ని తెచ్చిందన్నది నేడు ప్రచారంలో ఉన్న కథనం. దీన్ని మన తర్కశాస్త్ర పరిభాషలో పరీక్షించవచ్చు. ఒకటి ఉన్నప్పుడు రెండోది ఉండడం అన్వయం. మొదటిది లేనప్పుడు రెండోదీ లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినప్పుడే కార్యకారణ సంబంధాన్ని అంగీకరించాలి.

అన్వయం కుదురుతున్నది. జర్నైల్ సింగ్ ముందువరుసలో ఆడిన రెండు ఆటల్లోనూ భారత్ గెలిచింది, రెండింటిలోనూ ఆయన గోల్ చేశారు. వ్యతిరేకం మాత్రం పాక్షికంగానే కుదురుతున్నది. ఆయన ముందువరుసలో లేని మూడు ఆటల్లో ఒకదానిలో భారత్ ఓడింది, రెండింటిలో గెలిచింది. ఆ రెండు గెలుపుల్లో జట్టు 6 గోల్స్ చేసి 1 గోల్ ఇచ్చింది. మార్పు తరువాతి రెండు గెలుపుల్లో 5 గోల్స్ చేసి 3 ఇచ్చింది. సెమీఫైనల్, ఫైనల్ ప్రత్యర్థులు బలవంతులు కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. అయినా స్టాపర్‌ను ముందువరుసలో ఆడించిన రెండు ఆటలూ ఒక్క గోల్ తేడాతోనే ముగిశాయన్న సంగతిని ప్రచారంలో ఉన్న కథనం లెక్కలోకి తీసుకోదు.

ఒకే ప్రత్యర్థితో జరిగిన రెండు ఆటలను, అంటే 0–2, 2–1 ఫలితాలను, పోల్చితే వాదం బలపడుతుందనిపిస్తుంది. కాని ఆ రెండింటి నడుమ మారినది ఒక్క జర్నైల్ సింగ్ స్థానమే కాదు. జట్టు కూర్పు మారింది. ప్రత్యర్థి బలాబలాలు తెలిశాయి. మూడు గెలుపుల ఆత్మవిశ్వాసం చేరింది. అనేక హేతువులు ఒకేసారి మారినచోట ఒకదాన్ని మాత్రమే ఏరి కారణమనడం కాకతాళీయ న్యాయమవుతుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగాయి గనుక కాకి వల్లే పండు రాలిందనడం వంటిది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ఈ పరిశీలన రహీం ప్రతిభను తగ్గిస్తున్నది కదా అని అడగవచ్చు. తగ్గించదని నా అభిప్రాయం. నిర్ణయం మంచిచెడ్డలను అది తీసుకొన్ననాటి జ్ఞానంతో తూచాలి, తరువాత వచ్చిన ఫలితంతో కాదు. గాయపడిన రక్షకుడు, అతని లోటు తీర్చగల అరుణ్ ఘోష్ వంటి ఆటగాడు వెనుక ఉండడం, దేహబలం గల ఫార్వర్డ్ అవసరం అనే మూడు అంశాలను బట్టి చూస్తే అది యుక్తమైన నిర్ణయమే. చివరి నిమిషాల్లో కొరియా రెండో గోల్ కూడా చేసి ఉన్నా అది యుక్తమే అయ్యేది. కాని అప్పుడు అదే నిర్ణయాన్ని రక్షణను బలహీనపరచిన తప్పిదంగా చెప్పుకొనేవాళ్లం. ప్రశంస, నింద రెండూ ఫలితాన్ని బట్టే మారితే, ఆ రెండింటిలోనూ నిర్ణయాన్ని గురించిన విచారణ లేదన్నమాట.

వ్యూహం, గట్టెక్కడం: రెండు మాటలు, రెండు చరిత్రలు

ఈ సమస్య తెలుగు మాటల్లోనూ కనిపిస్తుంది. ఆటల వార్తల్లో మనం తరచు చదివే మాట ‘వ్యూహం ఫలించింది’ అన్నది. వ్యూహమనే పదం యుద్ధరంగం నుంచి వచ్చింది. వ్యూహాన్ని పన్నేవాడు ఒకడు, అందులో నిలిచేవారు అనేకులు. కాబట్టి ఆ పదాన్ని వాడగానే దృష్టి పన్నినవాని మీదికి పోతుంది. నిజానికి ద్రోణపర్వంలోని పద్మవ్యూహ ఘట్టం కూడా ఇంతకన్న సంక్లిష్టమైన విషయాన్నే చెబుతుంది. వ్యూహం పన్నినవాడు ద్రోణుడు. కాని అభిమన్యుని వెంట పాండవులు లోనికి పోకుండా అడ్డుకొన్నవాడు సైంధవుడు. అతడు ద్వారం దగ్గర నిలవకపోతే ఆ వ్యూహం ఏమయ్యేదన్న ప్రశ్నను కథే మన ముందు ఉంచింది.

జనవ్యవహారంలో మరొక మాట ఉంది. బొటాబొటిగా గెలిచినప్పుడు ‘గట్టెక్కాం’ అంటాం. ఏరు దాటి ఒడ్డు చేరడం ఆ మాటలోని మూలార్థం. అందులో ప్రవాహపు ఉద్ధృతి ఉంది, మునిగిపోయే ప్రమాదం ఉంది, దాటినవారందరి శ్రమ ఉంది. ఒక్కడే దాటించాడన్న ధ్వని లేదు. మొదటి మాట గెలుపును ముందే నిర్ణయమైనదానిగా చూపిస్తుంది. రెండో మాట ఓడిపోయే అవకాశాన్ని గెలుపులోనే నిలిపి ఉంచుతుంది. అభిమానుల చర్చలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. చరిత్రగా మారేటప్పుడు మాత్రం మొదటిదే మిగులుతుంది. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం రహీం జీవితాన్ని ఎంతోమందికి పరిచయం చేసింది, అది మంచిపనే. అయితే సినిమాకు నాయకుడు కావాలి, పతాక సన్నివేశం కావాలి. చరిత్రకారునికి ఆ రెండింటి అవసరం లేదు.

చూడగలిగితే ఈ దోషం తొలగిపోతుందా అన్నది సహజమైన ప్రశ్న. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌ను హైదరాబాద్ ఎఫ్.సి. అభిమానులు ఇళ్లలో కూర్చుని చూడగలిగారు. 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ ఆధిక్యం సాధించింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశారు. ఆట 1–1తో ముగిసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుకోవడంతో హైదరాబాదు 3–1తో విజేత అయింది. తవోరా కొట్టిన బంతి స్తంభాన్ని దాటి పక్కకు పోయి ఉంటే, ఆ రాత్రి శిక్షకుడు మనోలో మార్కెజ్ ఎత్తుగడలను గురించిన చర్చ మొత్తం తలకిందులయ్యేది. అప్పటివరకు సాగిన 87 నిమిషాల ఆటలో మాత్రం మార్పేమీ ఉండదు. కాబట్టి దృశ్యం అందుబాటులో ఉన్నంతమాత్రాన ఫలితం నుంచి వెనక్కి వాదించే అలవాటు పోదు.

మనం కోల్పోయినదేమిటి?

జకార్తా ఫైనల్ నాటికే రహీం అనారోగ్యంతో ఉన్నారు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో మరణించారు. ఆ విషాదం వల్ల 2–1 గెలుపు ఆయన జీవితానికి ముగింపు వాక్యమైంది, ఆయన చేసిన పనంతా ఆ ఒక్క నిర్ణయంలోకి కుదించుకుపోయింది. అపూర్వమైన ఒక మేధావి ఉన్నాడు గనుక గెలిచాం, ఆయన పోయాడు గనుక ఓడుతున్నాం అన్న సూత్రం స్థిరపడింది. ఈ సూత్రం రహీంను గౌరవిస్తున్నట్లే ఉంటుంది, కాని ఆయన తరువాతివారికి చేయవలసిన పని ఏదీ మిగల్చదు. మరో మేధావి పుట్టేవరకు ఎదురుచూడడమొక్కటే మార్గమవుతుంది.

చరిత్ర మరో విషయాన్ని కూడా చూపిస్తున్నది. రహీం మరణించిన కొద్దియేళ్లకే, 1965–66లో, ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాదు నుంచి వచ్చిన సయ్యద్ నయీముద్దీన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన చివరి పతకం అదే. శిక్షకుడు పోయిన తరువాత కూడా ఆయన నాటిన అభ్యాసం కొంతకాలం ఫలాలిచ్చిందని ఇది సూచిస్తున్నది. బడి మైదానాలు, బలహీనమైన కాలికి సాధన, బంతిని తోటివాడికి అందించే అలవాటు, ఏళ్ల తరబడి ఒకే సంఘంలో చేసిన పని అన్నవి అనుకరించదగినవి. ఫైనల్ నాటి సాహసం అనుకరించదగినది కాదు. అది ఆ రోజుకు, ఆ గాయానికి, ఆ ప్రత్యర్థికి సంబంధించినది. మనం రెండోదాన్ని గుర్తుంచుకొని మొదటిదాన్ని మరిచిపోయాం.

ఉపసంహారం

రహీం శిక్షణలో భారత్ సాధించిన రెండు ఆసియా స్వర్ణాలు, 1951 నాటి 1–0, 1962 నాటి 2–1, ఒక్కో గోల్ తేడాతో వచ్చినవే. మొదటి గెలుపు కాలం చెల్లిన పద్ధతిని ఒక ఏడాది పాటు ప్రశ్నకు అందకుండా కాపాడింది. రెండోది ఇరవై ఏళ్ల బోధనను ఒక్క నిర్ణయం వెనుక దాచింది. రెండు చోట్లా దోషం గెలుపులో లేదు, గెలుపు రాగానే చర్చను ముగించడంలో ఉంది. ఈ దృష్టితో చూస్తే, గెలిచిన సాయంత్రం కూడా ఆటతీరును ప్రశ్నించే అభిమాని కృతఘ్నుడు కాడు, గెలుపునకు అతడే నమ్మదగిన సాక్షి. బొటాబొటి గెలుపుల చరిత్రను రాసేటప్పుడు ‘వ్యూహం ఫలించింది’ అన్న వాక్యంతో ఆగిపోకుండా, ‘ఎలా గట్టెక్కాం’ అన్న ప్రశ్నను కూడా వేసుకోవాలి. ఏటిలో దిగిన వారందరి పేర్లూ అప్పుడే చరిత్రకు ఎక్కుతాయి.